ఐఏ, ఐబీల మధ్య అతుకు

తెలంగాణ ఇంటర్ ఫస్టియర్‌లో ఎంపీసీ తీసుకున్న విద్యార్థి సంచిలో లెక్కల పుస్తకాలు రెండుంటాయి. ఒకటి ఐఏ, రెండోది ఐబీ. ఉమ్మడి రాష్ట్రం రోజుల నుంచి తెలుగు అకాడమీ ప్రచురిస్తూ వచ్చిన పుస్తకాలివి. ఒక్కొక్కదాంట్లో పది అధ్యాయాలు. ఐఏలో ఆరో అధ్యాయం నుంచి చివరిదాకా త్రికోణమితే: నిష్పత్తులు, పరివర్తనలు, సమీకరణాలు, విలోమ ప్రమేయాలు, అతిపరావలయ ప్రమేయాలు, త్రిభుజ ధర్మాలు. ఐబీలో ఎనిమిదో అధ్యాయం నుంచి కలన గణితం: అవధులు, అవిచ్ఛిన్నత, అవకలనం, అవకలజాల అనువర్తనాలు. పబ్లిక్ పరీక్షలో రెండు పేపర్లకూ చెరి 75 మార్కులు. సికింద్రాబాద్ కాలేజీల్లో ఐఏ ఒక లెక్చరర్, ఐబీ ఇంకో లెక్చరర్ చెప్పడం మామూలు.

అంటే పొద్దున పీరియడ్‌లో సైన్, కాస్‌ల సూత్రాలు కొత్తగా నేర్చుకుంటూ, మధ్యాహ్నం పీరియడ్‌లో అదే సైన్‌కు అవధి కట్టాలి. ఒకటి కుదురుకోకముందే ఇంకోటి మీద పడిందని పిల్లలు బెంబేలు పడతారు. ముందు త్రికోణమితి అంతా నేర్పి, ఆ తర్వాత కలనం మొదలుపెడితే బాగుండునని తల్లిదండ్రులూ అనుకుంటారు. ఈ రెండు పుస్తకాలు కలిసే చోట ఉన్న పనితనాన్ని దగ్గరగా చూస్తే మాత్రం, రెండూ జంటగా నేర్చుకోవడమే మేలనిపిస్తుంది. కలనంలో అడుగుపెట్టడానికి కావలసిన త్రికోణమితి కొంచెమే. మంచి వడ్రంగి మేకు కొట్టకుండా కర్రను కర్రలో దూర్చి బిగించినట్టు, ఆ కొంచెం నాలుగు చోట్ల కలనంలోకి దిగి కూర్చుంది. ఆ నాలుగు అతుకుల పరిచయమే ఈ వ్యాసం.

నిలబడ్డ కోణం, కదిలే కోణం

పదో తరగతిలో త్రికోణమితికి రెండు అధ్యాయాలు. లంబకోణ త్రిభుజం గీస్తారు. ఎదుటి భుజం, ఆసన్న భుజం, కర్ణం గుర్తుపట్టిస్తారు. 0, 30, 45, 60, 90 డిగ్రీల పట్టిక కంఠతా పట్టిస్తారు. ఆ తర్వాత ఎత్తులు, దూరాల లెక్కలు. సికింద్రాబాద్ గడియార స్తంభం అడుగు నుంచి ఇన్ని మీటర్ల దూరంలో నిలబడితే దాని కొన ఇంత ఊర్ధ్వకోణంలో కనిపించింది, ఎత్తెంత అని అడిగితే, టాన్ వాడి ఒక్క గుణకారంతో తేల్చేస్తారు.

ఈ రకం త్రికోణమితికి మన ప్రాంతంతో పాత చుట్టరికం ఉంది. 1802లో మద్రాసు దగ్గర ఆధార రేఖ కొలిచి విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వే, తర్వాత మహా త్రికోణమితి సర్వేగా పేరుపడి, దక్కను మీదుగా ఉత్తరానికి సాగింది. 1815లో బీదరు దగ్గర మరో ఆధార రేఖ కొలిచారు. లాంబ్టన్ హైదరాబాద్ కేంద్రంగా పనిచేశాడు. 1818లో ఆయనకు సహాయకుడిగా నియమితుడైన జార్జ్ ఎవరెస్ట్ కూడా ఇక్కడికే వచ్చి చేరాడు. గుట్ట మీద నుంచి గుట్టకు కోణాలు కొలుస్తూ, తెలిసిన ఒక్క భుజంతో తెలియని భుజాలన్నీ రాబట్టారు. ఐఏ పదో అధ్యాయంలో త్రిభుజ ధర్మాల కింద చదివే సైన్ సూత్రం వాళ్ళ రోజువారీ పనిముట్టు.

ఆ లెక్కల్లో కోణం ఒకచోట నిలబడి ఉంటుంది. దాన్ని కొలుస్తాం, పట్టిక చూస్తాం, జవాబు రాస్తాం. కలనంలో కోణం కదులుతుంది. కోణం ఈ కాస్త పెరిగితే సైన్ ఎంత పెరుగుతుంది? పెరిగే వేగం ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ? ఈ ప్రశ్నలకు లంబకోణ త్రిభుజం చాలదు. అందులో 90 డిగ్రీలు దాటిన కోణానికి చోటే లేదు. అందుకే ముందు వృత్తంలోకి రావాలి. వ్యాసార్థం 1 ఉన్న వృత్తం గీసి, దాని మీద ఒక బిందువును కుడివైపు నుంచి అపసవ్య దిశలో తిప్పండి. బిందువు ఎంత ఎత్తులో ఉందో అది సైన్. కేంద్రం నుంచి ఎంత పక్కకు ఉందో అది కాస్. ఎడమకు పోతే కాస్ రుణాత్మకం, కిందికి దిగితే సైన్ రుణాత్మకం. సైన్ వర్గం, కాస్ వర్గం కలిపితే 1 అన్న సూత్రం పైథాగరస్ సిద్ధాంతమే. సైన్, కాస్‌లు ఏ పాదంలో ఏ గుర్తు తీసుకుంటాయో బట్టీ పట్టక్కర్లేదు, బొమ్మ చూస్తే చాలు.

మొదటి అతుకు: రేడియన్

బిందువు వృత్తం మీద తిరిగినప్పుడు అది నడిచిన దూరాన్నే కోణం కొలతగా తీసుకుంటే అది రేడియన్. పూర్తి చుట్టు 2 పై. పదో తరగతిదాకా డిగ్రీలతో హాయిగా బతికినవాడికి ఇదెందుకో అర్థం కాదు. ఐఏ క్లాసులో అది 180ని పైగా మార్చే లెక్కలాగే ఉంటుంది. దాని అవసరం ఐబీలో తెలుస్తుంది. డిగ్రీల్లో కోణం కొలిస్తే సైన్ అవకలజం ఒట్టి కాస్ రాదు. దాని ముందు పై బై 180, అంటే సుమారు 0.01745 అనే గుణకం తగులుకుంటుంది. మరోసారి అవకలనం చేస్తే మరోసారి తగులుకుంటుంది. రేడియన్‌లో ఆ గుణకం 1 అయి కనిపించకుండా పోతుంది. కోణానికీ పొడవుకూ ఒకే కొలబద్ద పెట్టినందువల్ల దక్కిన లాభమిది.

ఈ ఉపాయం కొత్తది కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో సైన్ పట్టిక ఉంది. వృత్తం చుట్టుకొలతను 21,600 కళలుగా తీసుకుని, వ్యాసార్థాన్నీ అదే కళల్లో చెబితే 3438 వస్తుంది. చాపానికీ వ్యాసార్థానికీ ఒకే ప్రమాణం. పేరు వేరైనా పద్ధతి రేడియన్‌దే. ఆ పట్టికలో మొదటి మెట్టు 225 కళల చాపం, అంటే మూడు డిగ్రీల 45 నిమిషాలు. దానికి జ్య, అంటే వ్యాసార్థంతో గుణించిన సైన్, కూడా 225 కళలే. అసలు విలువ 224.8 చిల్లర, దగ్గరి పూర్ణాంకం 225. కోణం చిన్నదైతే చాపమూ దాని జ్యా దాదాపు ఒకటేనని ఆ మొదటి అంకె చెబుతోంది. అవధుల అధ్యాయంలో మన విద్యార్థి తేల్చవలసింది కూడా అదే.

రెండో అతుకు: మూడు వైశాల్యాలు

ఎక్స్ సున్నాకు చేరుతున్నప్పుడు సైన్ ఎక్స్ బై ఎక్స్ అవధి 1. ఐబీలో సైన్, కాస్‌ల కలనమంతా ఈ ఒక్క ఫలితం మీద నిలబడింది. నేరుగా ఎక్స్ బదులు సున్నా పెడితే సున్నా బై సున్నా వస్తుంది, ఏమీ తేలదు. నిరూపణ మాత్రం నాలుగు వరసల్లో అయిపోతుంది. అందులో ప్రతి వరసా ఎంత పొదుపుగా ఉందో చూడండి.

వ్యాసార్థం 1 ఉన్న వృత్తానికి కేంద్రం ఓ. కుడివైపు వృత్తం మీద బిందువు ఏ. అక్కడి నుంచి ఎక్స్ కోణం తిరిగి పి దగ్గర ఆగండి. ఏ దగ్గర నిట్టనిలువుగా స్పర్శరేఖ గీయండి. ఓపి గీతను పొడిగిస్తే అది స్పర్శరేఖను టి దగ్గర తాకుతుంది. ఇప్పుడు ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు ఆకారాలు కనిపిస్తాయి: చిన్న త్రిభుజం ఓఏపి, దాన్ని పొదువుకున్న సెక్టరు ఓఏపి, ఆ సెక్టరును పొదువుకున్న పెద్ద త్రిభుజం ఓఏటి.

చిన్న త్రిభుజం భూమి 1, ఎత్తు సైన్ ఎక్స్. వైశాల్యం సైన్ ఎక్స్ బై 2. సెక్టరు వైశాల్యం ఎక్స్ బై 2. పెద్ద త్రిభుజం భూమి 1, ఎత్తు టాన్ ఎక్స్. వైశాల్యం టాన్ ఎక్స్ బై 2. మూడింటికీ 2 హారమే కాబట్టి అది కొట్టుకుపోతుంది. సైన్ ఎక్స్ కన్నా ఎక్స్ పెద్దది, ఎక్స్ కన్నా టాన్ ఎక్స్ పెద్దది. అన్నిటినీ సైన్ ఎక్స్‌తో భాగించి, తలకిందులు చేస్తే, సైన్ ఎక్స్ బై ఎక్స్ అనేది కాస్ ఎక్స్‌కూ 1కీ మధ్య ఇరుక్కుంటుంది. ఎక్స్ సున్నాకు పోతుంటే కాస్ ఎక్స్ 1కి చేరుతుంది. రెండు పక్కలా 1 ఉన్నప్పుడు మధ్యలో ఉన్నదానికి వేరే దారి లేదు.

అంకెల్లో చూడండి. ఎక్స్ 0.1 అయితే సైన్ 0.0998334, నిష్పత్తి 0.998334. దానికి కింద హద్దు కాస్ 0.1, అంటే 0.995004. పైన హద్దు 1. ఎక్స్ 0.01 అయితే నిష్పత్తి 0.99998 దాటుతుంది.

ఇందులో మెచ్చుకోవలసినవి మూడున్నాయి. మొదటిది, పొడవులను వదిలి వైశాల్యాలను పోల్చడం. చాపం కన్నా స్పర్శరేఖ ముక్క పొడవని చూపడానికి కొంత వాదించాలి. ఒక ఆకారం ఇంకో ఆకారంలో ఉందని చూపడానికి బొమ్మ చాలు. రెండోది, ఎక్స్‌ను సున్నాకూ పై బై 2కూ మధ్య ఉంచడం. అక్కడ సైన్ ధనాత్మకం, అందుకే భాగించినా అసమానత గుర్తు తిరగబడదు. మూడోది, రుణాత్మక ఎక్స్‌కు మళ్ళీ బొమ్మ గీయకపోవడం. ఎక్స్ గుర్తు మారితే సైన్ గుర్తూ మారుతుంది, నిష్పత్తి అలాగే ఉంటుంది. కుడి అవధి తెలిస్తే ఎడమ అవధి ఉచితం.

పట్టి చూసేవాడికి ఒక సందేహం రావాలి. సెక్టరు వైశాల్యం ఎక్స్ బై 2 అని ఎలా తెలిసింది? వృత్త వైశాల్య సూత్రం నుంచి. ఆ సూత్రాన్ని హైస్కూల్లో నిరూపణ లేకుండానే ఒప్పుకున్నాం. ఆ అప్పు ఇక్కడ ఉంది, పై తరగతుల్లో తీరుతుంది. ఇంటర్ స్థాయిలో అది న్యాయమైన అప్పే. అన్యాయమైనది ఇంకోటుంది. లోపిటాల్ నియమం ముందే తెలిసినవాడు పైనా కిందా అవకలనం చేసి కాస్ ఎక్స్ బై 1, కాబట్టి 1 అని ఒక్క గీతలో తేల్చేస్తాడు. సైన్ అవకలజం కాస్ అని తెలియాలంటే ముందు ఈ అవధి తెలిసి ఉండాలి. నిరూపించవలసినదాన్నే వాడుకుని దాన్ని నిరూపించడం అది. ఆబ్జెక్టివ్ పరీక్షలో గుర్తు పెట్టడానికి పనికొస్తుంది, నిరూపణగా పనికిరాదు.

ఈ అవధిని రోజూ వాడుకునేవాళ్ళు సికింద్రాబాద్‌లోనే ఉన్నారు. దక్షిణ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం రైల్ నిలయం ఈ ఊళ్ళోనే ఉంది. పట్టాల పక్కన గ్రేడియంట్ పోస్టులు చూసే ఉంటారు. వాటి చేతులు పైకో కిందికో వాలి ఉంటాయి, మీద ఒక అంకె ఉంటుంది. 100 అని ఉంటే వంద మీటర్లు ముందుకు పోయేసరికి పట్టా ఒక మీటరు ఎక్కుతుందో దిగుతుందో అని అర్థం. ఇది టాన్ విలువ. ఎక్కుడులో బండిని వెనక్కి లాగే బరువు భాగం నిజానికి సైన్‌తో రావాలి. రైల్వే లెక్కల్లో మాత్రం నేరుగా బరువును వందతో భాగించి, టన్నుకు పది కిలోలు అనుకుంటారు. వెయ్యి టన్నుల బండికి పది టన్నుల లాగుడు. టాన్ బదులు సైన్ పెట్టి కడితే ఆ పది టన్నుల్లో వచ్చే తేడా అర కిలో. కోణం చిన్నదైనప్పుడు సైన్, టాన్, ఎక్స్ మూడూ ఒకటేననే ధైర్యం మన మూడు వైశాల్యాల బొమ్మ నుంచి వచ్చిందే.

మూడో అతుకు: సైన్ సి మైనస్ సైన్ డి

ఐఏలో పిల్లలు ఎక్కువగా విసుక్కునేవి పరివర్తన సూత్రాలు. సైన్ సి మైనస్ సైన్ డి ఈజీక్వల్టు 2 కాస్ సి ప్లస్ డి బై 2, సైన్ సి మైనస్ డి బై 2. ఇలాంటివి నాలుగు. పాటలా వల్లెవేస్తారు, ఎందుకో తెలియదు. తేడాను లబ్ధంగా మార్చడమే వీటి పని. కలనానికి సరిగ్గా అదే కావాలి.

సైన్ ఎక్స్‌కు నిర్వచనం ప్రకారం అవకలజం కట్టాలి. సైన్ ఆఫ్ ఎక్స్ ప్లస్ హెచ్‌లోంచి సైన్ ఎక్స్ తీసేసి హెచ్‌తో భాగించాలి. పై సూత్రం వాడితే లవం 2 కాస్ ఆఫ్ ఎక్స్ ప్లస్ హెచ్ బై 2, ఇంటూ సైన్ ఆఫ్ హెచ్ బై 2 అవుతుంది. ఆ 2ను హారంలోకి దించితే సైన్ ఆఫ్ హెచ్ బై 2 కింద హెచ్ బై 2 వచ్చి కూర్చుంటుంది. అది రెండో అతుకులో మనం తేల్చిన నిష్పత్తే, దాని అవధి 1. మిగిలింది కాస్ ఆఫ్ ఎక్స్ ప్లస్ హెచ్ బై 2. హెచ్ పోతే కాస్ ఎక్స్. ఒక్క గుర్తు వృథా కాలేదు. సంయుక్త కోణ సూత్రంతో విడగొట్టి కూడా ఇదే చేయవచ్చు. అప్పుడు కాస్ హెచ్ మైనస్ 1 బై హెచ్ అని ఇంకో అవధి అదనంగా తేల్చాల్సి వస్తుంది. పరివర్తన సూత్రం ఆ శ్రమ తప్పిస్తుంది. కాస్‌కు ఇదే చేస్తే, కాస్ సి మైనస్ కాస్ డి సూత్రంలో ముందున్న మైనస్ గుర్తే అవకలజంలోకి వచ్చి చేరుతుంది. మైనస్ సైన్ ఎందుకో ఇక వేరే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. సైన్ 2 ఎక్స్, కాస్ ఏఎక్స్ లాంటివి నిర్వచనం నుంచి కట్టమని నాలుగు మార్కులకు తరచూ అడుగుతారు. ఆ ప్రశ్న ఐబీ పేపర్లో ఉన్నా, రాసేది ఐఏ సూత్రమే.

నమ్మకం కుదరకపోతే మళ్ళీ ఆర్యభటుడి పట్టిక తెరవండి. ఆయన జ్యలను కాక వాటి మధ్య తేడాలను ఇచ్చాడు: 225, 224, 222, 219 అంటూ మొదలై, 51, 37, 22, 7 అని ముగిసే 24 అంకెలు. మొత్తం కూడితే 3438. అరవై డిగ్రీలకు ముందు మెట్టు తేడా 119, తర్వాతి మెట్టు తేడా 106. రెండింటి సగటు 112.5. అరవై డిగ్రీల కాస్ అర, 225లో అర 112.5. ముప్పై డిగ్రీల దగ్గర తేడాలు 199, 191, సగటు 195. 225ను కాస్ 30తో గుణిస్తే 194.86. సైన్ పెరిగే వేగం కాస్ అని ఆ అంకెలు వాటంతటవే చెబుతున్నాయి. ఆర్యభటుడు అవకలనం చేశాడనడం అతిశయోక్తి. అవధి అనే భావన అక్కడ లేదు. అయినా జ్యల పట్టికను తేడాల పట్టికగా కట్టిన ఆ పనితనంలో త్రికోణమితి, కలనం అప్పటికే పక్కపక్కన కూర్చున్నాయి. ఆ దారిలోనే 14వ శతాబ్దపు కేరళలో మాధవుడి సంప్రదాయం సైన్, కాస్‌లకు అనంత శ్రేణులు కట్టింది.

నాలుగో అతుకు: విలోమ ప్రమేయాలు

అవకలనం అధ్యాయంలో ఇలాంటి లెక్కొకటి తప్పకుండా తగులుతుంది: టాన్ ఇన్వర్స్ ఆఫ్ 2 ఎక్స్ బై 1 మైనస్ ఎక్స్ వర్గం. దీన్ని నేరుగా గొలుసు నియమంతో పట్టుకుంటే అరపేజీ భాగహారం. ఎక్స్ బదులు టాన్ ఆల్ఫా రాయండి. లోపలిది ద్విగుణ కోణ సూత్రం, అంటే టాన్ 2 ఆల్ఫా. విలోమం తీస్తే 2 ఆల్ఫా, అంటే 2 టాన్ ఇన్వర్స్ ఎక్స్. అవకలజం 2 బై 1 ప్లస్ ఎక్స్ వర్గం. రెండు వరసలు.

ఇక్కడే చాలామంది ఒక మాట వదిలేస్తారు. ఆ సమానత్వం ఎక్స్ విలువ మైనస్ 1కీ 1కీ మధ్య ఉన్నప్పుడే చెల్లుతుంది. ఎక్స్ 1 దాటితే పై తీసేయాలి, మైనస్ 1 కన్నా తక్కువైతే పై కలపాలి. స్థిరాంకం కాబట్టి అవకలజం మారదు. మంచి లెక్చరర్ ఆ ఒక్క వాక్యం చెప్పి ముందుకు పోతారు. విలోమ ప్రమేయాల వ్యాప్తి గురించి ఐఏ ఎనిమిదో అధ్యాయం అంత పట్టుబట్టిందెందుకో ఆ వాక్యంతో తెలుస్తుంది.

ఏది ముందు, ఏది తర్వాత

కలనం మొదలుపెట్టేవారికి కావలసిన సరుకు ఇంతే: వృత్తం మీద సైన్, కాస్ నిర్వచనాలు, రేడియన్, సైన్ వర్గం ప్లస్ కాస్ వర్గం, సంయుక్త కోణ సూత్రాలు, వాటి నుంచి వచ్చే ద్విగుణ కోణ సూత్రాలు, పరివర్తన సూత్రాలు, విలోమ ప్రమేయాల వ్యాప్తులు. ఇందులోనూ సంయుక్త కోణ సూత్రాలు వస్తే మిగతా సూత్రాలు కాగితం మీద రాబట్టుకోవచ్చు. సైన్ ఆఫ్ ఏ ప్లస్ బి, సైన్ ఆఫ్ ఏ మైనస్ బి పక్కపక్కన రాసి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే సైన్ సి మైనస్ సైన్ డి పుడుతుంది. కాస్ 2 ఏ సూత్రంలోంచి 1 మైనస్ కాస్ ఎక్స్ ఈజీక్వల్టు 2 సైన్ వర్గం ఎక్స్ బై 2 వస్తుంది. దాంతో 1 మైనస్ కాస్ ఎక్స్ బై ఎక్స్ వర్గం అవధి అర అని తేలిపోతుంది.

ఏ, బి, సి మొత్తం 180 డిగ్రీలైతే ఫలానాది నిరూపించండి అనే ఏడు మార్కుల లెక్కలు, త్రిభుజ ధర్మాల్లో బాహ్యవృత్తాలు, అంతరవృత్తాలు పరీక్షకు అవసరమే, చక్కటివే. కలనం వాటికోసం ఆగదు. వాటిని పూర్తి చేశాకే అవధులు ముట్టుకుంటానని కూర్చున్నవారు రెండింటికీ ఆలస్యమవుతారు.

ఈ ఏర్పాటులో ఒక లోపం మాత్రం ఉంది. పని ఇంత బిగువుగా ఉన్నా, దాన్ని రెండు పుస్తకాలుగా, రెండు పేపర్లుగా, ఇద్దరు లెక్చరర్లుగా విడదీసినందువల్ల అతుకు విద్యార్థి కంట పడదు. సూత్రం ఐఏ మార్కుల కోసం, అవకలజం ఐబీ మార్కుల కోసం అన్నట్టు రెండు గదుల్లో పెట్టుకుంటాడు. సిలబస్ ఎన్నిసార్లు మారినా, పుస్తకాల పేర్లు మారినా, ఈ నాలుగు అతుకులు మారవు.

విద్యార్థులకు చెప్పేదొకటే. మూడు వైశాల్యాల బొమ్మను పుస్తకం మూసి తెల్లకాగితం మీద గీసి, నాలుగు వరసల నిరూపణ రాయండి. రాయగలిగితే కలనానికి కావలసిన త్రికోణమితిలో సగం పైన వచ్చినట్టే. లెక్చరర్లకు ఒక మనవి. అవధుల అధ్యాయం మొదలుపెట్టే వారంలో ఐఏ పుస్తకాన్ని కూడా ఐబీ క్లాసుకు తెమ్మని చెప్పండి, సైన్ సి మైనస్ సైన్ డి ఉన్న పేజీ తెరిపించి పాఠం చెప్పండి.